తిట్టే ప్రోగ్రాం రాసిన అన్న

శనివారం పొద్దున క్లాసుకి తలుపు తీయాల్సిన మనిషి ఇక లేరని, ఆ తలుపు బయటే నిలబడి విన్నాం.

డార్నల్‌లో బాప్టిస్టు చర్చి వెనకాల ఒక చిన్న హాలుంది. దాని తాళంచెవి ఎప్పుడూ అన్న దగ్గరే ఉండేది. ఆ రోజు క్లాసు వేళ దాటిపోయినా ఆయన రాలేదు. ఆలస్యంగా వచ్చేది ఎప్పుడూ నేను, ఆయన కాదు. "హమ్మయ్య, ఇవాళ నేను బతికిపోయాను" అని పక్కవాళ్ళతో నవ్వుతూ అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది. కాసేపటికి పాస్టరుగారు గేటు తీసుకుని లోపలికొచ్చారు. ఆయన చేతిలో ఎర్రదారం కట్టిన తాళంచెవి ఉంది. అది అన్నది. పొద్దున్నే మొక్కలకి నీళ్ళు పెడుతూ పడిపోయారని, స్టాంగర్ ఆసుపత్రికి చేర్చేలోపే అంతా అయిపోయిందని ఆయన చెప్పారు. గుండె అన్నారు. అంతా శ్రద్ధగా విని, "ఎవరు?" అని అడిగాను నేను.

ముందురోజు సాయంత్రమే కదా, అన్న మిల్లులో నా గది గుమ్మంలో నిలబడి ఉన్నది. "సోమవారం నీకొకటి చూపిస్తా సిస్టర్, ఆ మెసేజీల ఫైల్లో..." అనేలోపు ఫోను మోగింది. లారీలు తూచే కాటా దగ్గర ఏదో ఆగిందని. ఆగు, ఇప్పుడే వస్తానన్నట్టు వేలు పైకెత్తి వెళ్ళారు. పని అయ్యాక అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోయారు. ఆయన ఏం చూపించాలనుకున్నారో నాకు తెలియదు. ఆ ఫైలంతా వెతికాను, కొత్తదేమీ కనిపించలేదు. రెండు వారాలు గడిచినా ఫోను మోగినప్పుడల్లా నా చూపు గుమ్మం వైపే పోతోంది. ఇది రాస్తుంటే కూడా, రాసింది ఆయనకి చూపించాలి కదా అనుకుంటున్నాను. నా బుర్రకి ఇంకా ఎక్కలేదు.

మీలో చాలామందికి ఈ ఊళ్ళు తెలియవు కాబట్టి కొంచెం చెబుతాను. ఇది దక్షిణాఫ్రికాలో డర్బన్‌కి ఉత్తరాన సముద్రతీరం. ఎటు చూసినా చెరకే. అన్న ముత్తాతలు విశాఖపట్నం వైపు నుంచి ఈ చెరకు నరకడానికే ఓడలో వచ్చారట. అన్న డార్నల్‌కి కాస్త అవతల ఒక చక్కెర మిల్లులో కంప్యూటర్ విభాగానికి పెద్ద. ఆ పని ఆయన ఎన్నో ఏళ్ళు చేశారు, కుర్చీ మాత్రం తెల్లవాళ్ళ పాలన పోయిన తొంభై నాలుగు ఎన్నికల తర్వాతే వచ్చింది. నాది అనకాపల్లి. అక్కడా చక్కెర ఫ్యాక్టరీ కంప్యూటర్ల దగ్గరే పనిచేసేదాన్ని. మా ఆయనకి స్టాంగర్‌లో డాక్టరు ఉద్యోగం వస్తే కూడా వచ్చి ఈ మిల్లులో చేరాను. ఎక్కడికెళ్ళినా నాకు చెరకు మడ్డి వాసన తప్పలేదు.

అన్న మాట్లాడేది ఇంగ్లీషు. తెలుగు ఆయన దగ్గర వాళ్ళ నాయనమ్మ వదిలివెళ్ళిన ముక్కలుగానే మిగిలింది. ఆమెను ఆయన అవ్వ అనేవారు. ఆయన ఇంగ్లీషుని నేనిక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. ఆయన తెలుగు ముక్కల్ని మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

ఉద్యోగంలో చేరిన మొదటిరోజు సంగతి. మిల్లంతా చూపిస్తూ ఆఫీసువాళ్ళు నన్ను కాటా గదికి తీసుకెళ్ళారు. అక్కడ ఒక జులూ ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుని, వచ్చే చెరకు లారీల బరువులు ఎక్కిస్తోంది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి నల్లజాతి మనిషి ఆవిడే. నేనావిడని కాటా అక్క అంటాను, అదేంటో తెలియకపోయినా ఆవిడ పలుకుతుంది. నేను చూస్తుండగానే తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వాక్యం వచ్చింది. చదివాను. మళ్ళీ చదివాను.

"ఎవరబ్బాయివిరా నువ్వు?"

 మిల్లులో తెలుగు వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరని చెప్పారే. మరి ఈ పెట్టె నన్ను అనకాపల్లిలో మా వీధి చివర అరుగు మీద కూర్చునే ముసలమ్మలా పలకరిస్తోందేమిటి? "ఇది ఎవరు రాశారు?" అని అడిగాను. కాటా అక్క తల కూడా తిప్పలేదు. "అది మిషన్ భాష, సిసి. చెరకు నమూనా వచ్చింది, ఏ లారీదో తెలియలేదని అర్థం. బాబాని పిలవాలి." జులూలో సిసి అంటే చెల్లెలు, బాబా అంటే తండ్రి. ఆ బాబా ఎవరా అని చూస్తే, పొట్టి చేతుల చొక్కా జేబులో రెండు పెన్నులతో ఒకాయన లోపలికొచ్చారు. "అది తెలుగు కదండీ" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "అవునా? మా అవ్వ నన్ను తిట్టేది అలా" అన్నారు.

తర్వాత తెలిసింది. మిల్లులో నడిచే ప్రోగ్రాంలో ఎక్కడ తప్పు జరిగినా అది వాళ్ళ అవ్వ తిట్లు తిడుతుంది. లారీ నెంబరు వేయకుండా వదిలేస్తే, "కళ్ళెక్కడెట్టావు?" లారీ మోయగలిగినదానికంటే ఎక్కువ బరువు కొడితే, "పొట్ట పగిలిపోద్దిరా." ఒకే లారీని రెండుసార్లు ఎక్కిస్తే, "సెప్పిందే సెప్పకు." ప్రతి తిట్టు కిందా మామూలు ఇంగ్లీషులో ఏ లారీ, ఎక్కడ తప్పు, ఇప్పుడు ఏం చేయాలి అని రాసి ఉంటుంది. తిట్టు చూస్తే మనిషి నవ్వుతాడు, నవ్వినవాడు కింది లైను చదువుతాడు, ఉత్త తప్పు చూపిస్తే భయపడి ఏదో ఒక మీట నొక్కేస్తాడు. ఇదీ అన్న వాదన. నాకు అప్పట్లో ఇదంతా వేళాకోళంగా తోచింది. ఆఫీసు ప్రోగ్రాంలో ముసలమ్మ తిట్లేమిటి అనుకున్నాను.

ఆయన్ని మొదట మాస్టారూ అని పిలిచాను. ఆయన ముఖం అదోలా పెట్టారు. "మాస్టర్ అంటే మా తాతలకి తోట యజమాని. వద్దు సిస్టర్. అన్న అను, చాలు." అలా అన్న అయ్యారు.

అన్న శనివారాల్లో చర్చి హాల్లో పెర్ల్ చెప్పేవారు. పెర్ల్ అంటే చిన్న చిన్న పనులకి చకచకా ప్రోగ్రాములు రాసుకునే భాష. దాంట్లో ఓనమాలు నేర్పడానికి డర్బన్‌లో బోలెడు చోట్లున్నాయి. అన్న చెప్పేది రెండో క్లాసు. ఒకే పనిని తిప్పి తిప్పి చేయించే లూపులు వచ్చినవాళ్ళకి, ఫైలు తెరిచి చదవడం వచ్చినవాళ్ళకి, అక్కడితో అంతా వచ్చేసిందనుకునేవాళ్ళకి. అంటే నాలాంటివాళ్ళకి. చేరినవాళ్ళలో కాటా అక్క ఉంది, ఒక బడి పంతులు ఉన్నాడు, మిల్లు నుంచి రిటైరైన ఒక తెల్ల ఫిట్టరు ఉన్నాడు. ఒకప్పుడు ఆ ఫిట్టరూ కాటా అక్కా ఒకే గదిలో కూర్చోవడానికే చట్టం ఒప్పుకునేది కాదు. ఇప్పుడు ఇద్దరూ ఒకే కంప్యూటరు ముందు కూర్చుని, నీవల్లే తప్పంటే నీవల్లే అని దెబ్బలాడుకునేవారు.

ఆ క్లాసు నడిచే తీరు నేనెక్కడా చూడలేదు. వాళ్ళ చర్చిలో వాక్యం చదివేటప్పుడు పాస్టరుగారు ఒక లైను చదువుతారు, జనమంతా కలిసి దానికి జవాబు చెబుతారు. అన్న అదే పద్ధతి పెర్ల్‌కి పెట్టారు. ఎవరి ప్రోగ్రాం వాళ్ళు నిలబడి ఒక్కో లైనే గట్టిగా చదవాలి. ప్రతి లైను తర్వాతా మిగిలినవాళ్ళంతా ఒక్క గొంతుతో అడగాలి, "లేకపోతే?"

అవును, తెలుగులోనే. జులూ ఆవిడా, తెల్ల ఫిట్టరూ, అందరూ. ఆ మాటా అవ్వదే. "తిను, లేకపోతే... పడుకో, లేకపోతే..." అని ఎప్పుడూ సగంలో ఆపేసేదట. "లేకపోతే ఏమవుతుందో ఆమె ఒక్కసారి కూడా చెప్పలేదు సిస్టర్. అది తెలుసుకోవడానికే నేను ప్రోగ్రామర్నయ్యాను" అనేవారు అన్న.

నా వంతు వచ్చింది. చెరకు నమూనాల ఫైలు చదివి, ఏ నమూనా ఏ రైతుదో జతచేసే ప్రోగ్రాం రాసుకొచ్చాను. అందమైన ప్రోగ్రాం అని నా నమ్మకం. నిలబడి మొదలుపెట్టాను. ఫైలు తెరువు. "లేకపోతే?" లారీ నెంబరు తీసుకో. "లేకపోతే?" ఆ నెంబరుకి రైతు పేరు తీసుకో. "లేకపోతే?" నాలుగో లైనుకి నాకు చిర్రెత్తుకొచ్చింది. కాయితం బల్లమీద పడేశాను.

"నా ప్రోగ్రాం నడుస్తోంది అన్నా. నడిచేదాన్ని ఎందుకిలా పొడుస్తున్నారు?"

"నడుస్తుంది సిస్టర్, ఎవరు కాదన్నారు? పక్కన నువ్వు కూకుంటే నడుస్తుంది. నువ్వు ఇంటికెళ్ళాక?"

"ఇంటికెళ్ళాక ఫోన్ చేస్తారు."

"లేకపోతే?" అంది కాటా అక్క, వెనక బెంచీ నుంచి. హాలంతా నవ్వు. నాకూ నవ్వొచ్చింది, కోపంలోనే.

అన్న నా కాయితం తీసి మళ్ళీ నా చేతిలో పెట్టారు. మొదటి క్లాసులో మిషన్‌తో మాట్లాడ్డం నేర్చుకుంటాం, ఇక్కడ మన తర్వాత ఆ కుర్చీలో కూర్చునే మనిషితో మాట్లాడ్డం నేర్చుకుంటున్నాం అన్నారు. పొడుగాటి ప్రోగ్రాంని చిన్న ముక్కలు చేసి, ఏ ముక్కకి ఆ ముక్క పేరు పెట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నడిచే చోట్లు వదిలేసి, విరిగే చోట్లు వెతకడం కూడా. అప్పటిదాకా నాకు పెర్ల్ వచ్చనుకున్నాను. నాకొచ్చింది అక్షరాలు కూడబలుక్కోవడం.

ఆయనతో నేను నిజంగా వాదించింది ఒక్క విషయంలో. వానాకాలంలో నమూనా సంచులకి కట్టిన చీటీలు తడిసి ఊడిపోయేవి. అలాంటి సంచి వచ్చినప్పుడల్లా ప్రోగ్రాం ఆగిపోయి "ఎవరబ్బాయివిరా నువ్వు?" అని అడుగుతుంది. ఎవరో ఒకరు లేచి వెళ్ళి, వానలో లారీల వరుస పొడుగునా నడిచి, అది ఎవరిదో కనుక్కుని రావాలి. ఈలోగా వరుస ఆగిపోతుంది, డ్రైవర్లు హారన్లు కొడతారు. వరుసలో తర్వాతి లారీకి వేసేస్తే ఎక్కువసార్లు సరిపోతుంది కదా, ప్రోగ్రామే ఊహించుకుంటుంది కదా అన్నాను. ఆ వరుసలో పెద్ద ఎస్టేట్ల లారీల మధ్య ఒక్కో లోడుతో వచ్చే చిన్న రైతులు ఉండేవారు. ఎక్కువమంది ముసలి జులూ ఆడవాళ్ళు. నమూనాలో తేలిన తీపిని బట్టే చెరకుకి డబ్బు. వాళ్ళ చెరకు తీపి ఇంకొకరి పేరున పడితే ఆ ఏడాదికి అంతే సంగతులు.

అన్న కిటికీ దగ్గరికి వెళ్ళారు. వాన చూస్తూ నిలబడ్డారు.

"నా బతుకంతా ఈ దేశం నన్ను చూసి ఊహించి రాసేసుకుంది సిస్టర్. ఏ బెంచీ మీద కూకోవాలి, ఏ బీచిలో దిగాలి, ఏ బడికెళ్ళాలి. ఎవరబ్బాయివిరా అని ఒక్కరూ అడగలేదు. నా ప్రోగ్రాం అడుగుద్ది." గొడుగు తీసుకుని ఆయనే వానలోకి వెళ్ళారు. ఆ తర్వాత ఆ విషయం నేను మళ్ళీ ఎత్తలేదు. ఆ తిట్టుని చూసి నవ్వడం కూడా మానేశాను.

సాయంత్రం ఇంటికెళ్ళేముందు అన్న ప్రతి గది గుమ్మం దగ్గరా ఆగేవారు. "ఎల్లొత్తా" అనేవారు. నాకు, కాటా అక్కకి, గేటు దగ్గర కాపలావాడికి, అందరికీ అదే. అవ్వ తిట్లు కాకుండా ఆయన రోజూ అనే తెలుగు మాట అదొక్కటే. వెళ్ళొస్తాను అనాలి అన్నా, అని ఒకరోజు సరిచేశాను. "నీ తెలుగు విమానంలో వచ్చింది సిస్టర్. నాది ఓడలో వచ్చింది, కొంచెం తడిసింది" అన్నారు. వెళ్తున్నానని ఊరికే అనకూడదని, మళ్ళీ వస్తానని కూడా కలిపి చెప్పాలని ఆయనకి ఎవరూ విడమరిచి చెప్పలేదు. అవ్వ అలా అనకపోతే గుమ్మం దాటనిచ్చేది కాదట. చెప్పకుండా ఆటకి పారిపోతే, తిరిగొచ్చాక వీపు మోగేది.

అప్పుడు పడే తిట్టు కూడా ప్రోగ్రాంలో ఉంది. చెరకుతో లోపలికొచ్చిన లారీని నిండుగా ఒకసారి తూస్తారు, చెరకు దింపాక ఖాళీగా మళ్ళీ తూస్తారు. ఒక్కోసారి డ్రైవరు తొందరపడి రెండో తూకానికి రాకుండా వెనక గేటులోంచి జారుకుంటాడు. అప్పుడు తెర మీద ఆ లారీ నెంబరు పక్కన వస్తుంది, "ఎక్కడికెల్పోయావురా, సెప్పకుండా?" ఆ లారీ తిరిగొచ్చి కాటా ఎక్కేదాకా ఆ మాట తెర మీద అలాగే ఉంటుంది.

దానర్థం ఏమిటని కాటా అక్క ఒకసారి టీ తాగుతూ అడిగింది. అన్న చెప్పారు. ఆమె తలూపింది. వాళ్ళలోనూ అంతేనట. వెళ్ళేవాళ్ళు ముందు, సుఖంగా ఉండండి అని చెప్పాలి. ఉండేవాళ్ళు అప్పుడు, సుఖంగా వెళ్ళిరా అనాలి. "వెళ్ళేవాడు ముందు చెప్పకపోతే, ఉన్నవాళ్ళు దేనికి జవాబు చెబుతారు?" అంది. అన్నకి ఆ మాట బాగా నచ్చింది. ఆ సాయంత్రం ఆమె కిటికీ దగ్గర ఆగి ఒకసారి తెలుగులో, ఒకసారి జులూలో చెప్పి వెళ్ళారు.

ఆ చివరి శుక్రవారం ఆయన నాకు ఎల్లొత్తా అని చెప్పలేదు. కాటా దగ్గర పని చూసి, ఆమెకీ చెప్పకుండానే వెళ్ళిపోయారని తర్వాత తెలిసింది. అప్పటికి ఆ ఏటి క్రషింగ్, అంటే చెరకు ఆడడం, మొదలై ఇంకా వారమే, అందరం తలమునకలుగా ఉన్నాం. ఒక్క సాయంత్రానికి ఏమవుతుందని ఎవరైనా అనుకుంటారు. నేనూ అనుకునేదాన్ని.

శనివారం పాస్టరుగారు హాలు తలుపు తీశారు గానీ ఎవరం లోపలికి వెళ్ళలేదు. ఫిట్టరు మెట్ల మీద కూర్చుండిపోయాడు. ప్రతి లైనుకీ లేకపోతే అని అడిగించిన మనిషి గురించి, ఆయనే లేకపోతే అని మాలో ఒక్కరూ అడగలేదు. నాకు వేరే ఏమీ తోచక మిల్లుకి వెళ్ళాను. ఆయన లేకుండా అక్కడ అంతా ఆగిపోయి ఉంటుందని నా భయం. ఆగిపోయి ఉండాలని ఆశ కూడా, దాచడమెందుకు. ఏమీ ఆగలేదు. లారీలు వస్తున్నాయి, తూస్తున్నారు, నమూనాలు జత పడుతున్నాయి, ప్రోగ్రాం ఎప్పటిలాగే తిడుతోంది. రాసినవాళ్ళు పక్కన లేకపోయినా నడిచేదే మంచి ప్రోగ్రాం అని ఆయన మాకు చెప్పింది అక్షరాలా జరుగుతోంది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క నిమిషమైనా ఆగొచ్చు కదా.

సోమవారం మేనేజరు నన్ను పిలిచాడు. మంచివాడే, అతని కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. అన్ని మిల్లుల్లో తెరల మీద ఒకే రకం మాటలుండాలని, తప్పులన్నిటికీ నెంబర్లు పెట్టాలని హెడ్డాఫీసు చాలాకాలంగా అడుగుతోంది. అన్న ఇవాళ రేపు అంటూ నెట్టుకొచ్చారు. ఈ వారంలోనే చూడ్డానికి వస్తున్నారట. "ఆయన ఉండగా నేను పట్టుబట్టలేదు. ఇప్పుడు అది మార్చేయండి. ఎంత పని?" అని అడిగాడు.

ఎంతో పని లేదు. అదే నన్ను దెబ్బకొట్టింది. మాటలన్నీ ప్రోగ్రాం నిండా చల్లకూడదని, ఒక్క ఫైల్లో విడిగా పెట్టుకోవాలని, రేపు ఎవరైనా మార్చాల్సివస్తే వెతుక్కోకూడదని మాకు నేర్పింది అన్నే. తన అవ్వ తిట్లన్నీ ఆయన అలాగే ఒక్కచోట, వరుసగా, శుభ్రంగా పెట్టారు. తనని తీసేయడం కూడా తేలిగ్గా ఉండేలా రాసి వెళ్ళారు. ఆ ఫైలు తెరిచి కూర్చున్నాను. ఆయన గొంతు ఈ లోకంలో ఎక్కడైనా మిగిలి ఉంటే అది ఈ కాసిని లైన్లలోనే. దాన్ని చెరపాల్సింది నేను.

మొదటిది మార్చాను. "ఎవరబ్బాయివిరా నువ్వు?" తీసేసి హెడ్డాఫీసు ఇచ్చిన నెంబరు పెట్టాను. కాఫీ కలుపుకోవడానికి లేచానో లేదో కాటా గది నుంచి ఫోను.

"సిసి, మిషన్ మాట్లాడ్డం లేదు. ఏదో నెంబరు చూపిస్తోంది. లారీలు ఆగిపోయాయి. నేను ఎవరిని అడగాలి?"

"నమూనా ఏ లారీదో తెలియలేదని అక్కా."

"అయితే అలా చెప్పమను. ఎవరబ్బాయివిరా అనమను. ఇది బాబా మిషనేనా?"

ఫోను పక్కన పెట్టాను. పాత లైను మళ్ళీ పెట్టేశాను. మేనేజరు దగ్గరికి వెళ్ళి, కాటా మీద పనిచేసే మూడు షిఫ్టుల మనుషులకీ ఈ మాటలే తెలుసు, సీజను మధ్యలో మారిస్తే వరుస ఆగిపోతుంది, ఆగితే మీరే వెళ్ళి తూచుకోండి అని చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పినట్టున్నాను. అతను కిటికీలోంచి బయటికి చూసి, "సరే. సీజను అయ్యేదాకా ఉండనివ్వండి. తర్వాత మార్చాల్సిందే" అన్నాడు. సీజను అంటే డిసెంబరు దాకా. ఉరిశిక్ష వాయిదా పడినట్టయింది. ఆ తర్వాత ఏం చేయాలో నాకిప్పటికీ తెలియదు.

బుధవారం అంత్యక్రియలు. వచ్చిన జనానికి చర్చి చాల్లేదు. పాటలూ ప్రసంగమూ ఇంగ్లీషులోనే సాగాయి. చివర అన్న వాళ్ళమ్మగారు లేచి నిలబడి ప్రభువు నేర్పిన ప్రార్థన తెలుగులో చెప్పారు. ఆవిడకి తెలుగు అంతవరకే వచ్చు, ఆ ప్రార్థనా, వంటల పేర్లూ, అత్తగారి నోట విన్న నాలుగు మాటలూ. అక్కడున్న వాళ్ళెవరికీ అది తెలియదు. నేనొక్కదాన్నే కలిసి చెప్పాను, ఆవిడ నా వైపు చూసి కొంచెం నెమ్మదించారు. మధ్యలో నేను ఆగిపోయాను. ఆవిడే పూర్తి చేశారు.

మిల్లులో చాలాకాలం పనిచేసినవాళ్ళని చివరిసారి మిల్లు లోపల్నించి తీసుకెళ్ళడం ఇక్కడి అలవాటు. ముందు గేటులో వచ్చి, కాటా మీదుగా సాగి, వెనక గేటులో బయటికి. ఆ రోజు లారీలన్నీ పక్కకి తీసి ఇంజన్లు ఆపారు. డ్రైవర్లు దిగి టోపీలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. శవపెట్టె ఉన్న కారు ముందు, వెనక కారులో అమ్మగారూ నేనూ. ఆవిడ అద్దం దించమన్నారు, కొడుకు పనిచేసిన చోటు చూస్తానని.

కాటా అక్క గదిలోంచి బయటికొచ్చింది. లారీలని ఆపడానికి కాటా ముందుండే అడ్డకర్ర పైకెత్తి, దాన్ని పట్టుకునే నిలబడింది. ముందు కారు మెల్లగా కాటా ఎక్కింది. వాళ్ళ పద్ధతిలో, సుఖంగా వెళ్ళిరా అంటుందని చూశాను. ఆమె అనలేదు. వెళ్ళేవాడు ముందు చెప్పలేదు కదా. కారు తన ముందుకొచ్చాక, రోజూ తెర మీద చదివే మాటని, చదివినట్టే, మెల్లగా అంది.

"ఎక్కడికెల్పోయావురా బాబా, సెప్పకుండా?"

ఆయన్ని రా అనకూడదని ఆమెకెవరు చెప్పారు? ఆయన్ని అలా తిట్టే ఒకే ఒక్క మనిషి, అవ్వ, ఏనాడో పోయింది. నా పక్కన అమ్మగారు ఉలిక్కిపడ్డారు. అది వాళ్ళ అత్తగారి తిట్టు. కోడలిగా వచ్చింది మొదలు ఏళ్ళ తరబడి ఆ గుమ్మంలో ఆవిడ విన్న తిట్టు. ఆవిడ కారు కిటికీలోంచి ముఖం బయటికి పెట్టి కాటా అక్కని చూశారు. ఎవరు, ఎలా వచ్చు నీకిది అని అడుగుతారనుకున్నాను. అడగలేదు. తన కొడుకు చెప్పాల్సిన మాట ఆవిడ చెప్పారు.

"ఎల్లొత్తాడమ్మా" అన్నారు. "ఎల్లొత్తాడు."

శనివారం నుంచి నేను ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను, అమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. ముందు కారు కాటా దిగి, వెనక గేటు దాటి, చెరకు తోటల మధ్య మట్టిరోడ్డెక్కింది. మా కారూ దిగింది. వెనక్కి తిరిగి చూస్తే కాటా అక్క ఇంకా అలాగే అడ్డకర్ర ఎత్తి పట్టుకుని ఉంది. లారీల వాళ్ళెవరూ ఇంజన్లు వేయలేదు. ఆమె వెనక గోడ మీద, ఖాళీ కాటా బరువు చూపించే ఎర్ర దీపాల్లో సున్నా వెలుగుతోంది.